డిఫ్యూజన్ నడిపితే ‘ధ’ కింది గీత చెరిగిపోతోంది

ప్రశ్న:
మా తాతగారు పద్యాలు రాసుకున్న నోటుబుక్కును 300 డీపీఐలో స్కాన్ చేశాను. కాగితం పసుపెక్కింది, నిండా నలుసులు. అవి పోవాలని పైథాన్‌లో ఉష్ణ సమీకరణం (వేడి పాకినట్టు ప్రతి పిక్సెల్ రంగును పక్కవాటికి పాకించే డిఫ్యూజన్, అంటే ప్రసరణ) రాసి నడిపాను. కాలపు అడుగు (ఒక్కో విడతలో ముందుకు జరిపే కాలం) 0.2, మొత్తం 20 అడుగులు. నలుసులు పోయాయి కానీ, ‘ధ’ కింది గీత కూడా వెలిసిపోయి ‘ధర’ కాస్తా ‘దర’ అయింది. తాతగారి అక్షరం నా చేతుల్లో మారిపోవడం భరించలేకపోతున్నాను. అడుగు 0.3 చేస్తే బొమ్మంతా చదరంగం గళ్లు పడ్డాయి. ఏం చేయాలి?

జవాబు 1:
ముందు గళ్ల సంగతి. నాలుగు పక్కల పిక్సెళ్లతో నేరుగా లెక్క కడుతున్నప్పుడు అడుగు 0.25 దాటకూడదండి. 0.3 పెడితే గళ్ల నమూనా అడుగడుక్కీ గుర్తు మారుతూ 1.4 రెట్లు పెరుగుతుంది.

ఇక గీత. ఉష్ణ సమీకరణాన్ని t కాలం నడపడమంటే √(2t) వెడల్పున్న గాసియన్ బ్లర్ వేయడమే, అంటే చుట్టుపక్కల పిక్సెళ్లతో సగటు కట్టి బొమ్మను మసక చేయడమే. మీ t విలువ 4, అంటే వెడల్పు 2.8 పిక్సెళ్లు. మూడు పిక్సెళ్ల గీత దానికి ఆగదు. వేడికి సిరా, నలుసు రెండూ ఒకటే. 1990లో పెరోనా, మాలిక్ అనే పరిశోధకులు ప్రసరణ గుణకాన్ని (రంగు ఎంత జోరుగా పాకాలో చెప్పే సంఖ్యను) వాలుతో, అంటే పక్క పిక్సెళ్ల మధ్య రంగు తేడాతో ముడిపెట్టారు: 1/(1+(వాలు/K)²). ఎంత వాలును అంచుగా లెక్కించాలో చెప్పే హద్దు K. అంచు దగ్గర వాలు ఎక్కువ, అక్కడ ప్రసరణ దాదాపు ఆగిపోతుంది.

జవాబు 2:
అది ఒక్కటే చాలదు. ముదురు నలుసుకూ వాలు ఎక్కువే, కాబట్టి అదీ అంచులాగే బతికిపోతుంది. కాటే, లియాన్స్, మోరెల్, కోల్ 1992లో చెప్పిన మార్పు చేయండి: వాలును కొద్దిగా బ్లర్ చేసిన నకలు మీద కొలిచి, ప్రసరణను అసలు బొమ్మ మీద నడపాలి. నకలులో చిన్న నలుసు వాలు తగ్గిపోతుంది కాబట్టి అది అంచులా కనబడదు. K కోసం రాత లేని ఖాళీ కాగితం ముక్క తీసుకుని, అక్కడి వాలుల్లో 90 శాతం ఏ విలువ లోపు ఉన్నాయో చూడండి.

తెగిన గీతల్ని కలిపే వైకర్ట్ పద్ధతి వేలిముద్రలకు చాలా బాగుంటుంది. మీ పనికి మాత్రం వద్దంటాను. లేని గీతను కలిపి ‘ద’ను ‘ధ’ చేసేస్తే ఎవరూ పట్టుకోలేరు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ నమస్కారాలు. నకలుకు 0.8 బ్లర్, K 11, అడుగు 0.2, 15 అడుగులకు ఆపాను. ‘ధర’ నిలిచింది! ఒక ఉత్పలమాలలో మాత్రం రెండో అక్షరం ‘ద’నో ‘ధ’నో స్కాన్‌లోనే తేలడం లేదు. అదృష్టం కొద్దీ అది ప్రాసస్థానం. మిగతా మూడు పాదాల్లోనూ ‘ధ’ స్పష్టంగా ఉంది. బొమ్మను ముట్టుకోకుండా పక్కన పెన్సిలుతో ‘ధ’ అని రాసిపెట్టాను.