ఎండాకాలం ఫిష్ ట్యాంకుకు ఐసు బాటిలా, ఫ్యానా?

గాజుతొట్టి: హైదరాబాదు, 100 లీటర్ల ట్యాంకు, నాలుగు గోల్డుఫిష్. మధ్యాహ్నం మూడింటికి నీళ్లు 33 డిగ్రీలు. గోల్డుఫిష్‌కి 24 దాటకపోతే మేలంటారు. ఐసు బాటిలు వేయమని ఒకరు, ఫ్యాను పెట్టమని ఒకరు. ఏది నమ్మాలి?

ఐసుగడ్డ: బాటిలే. లీటరు బాటిల్లో ముప్పావు వరకే నీళ్లు పోయండి, నిండా పోస్తే గడ్డకట్టేటప్పుడు ఉబ్బి పగులుతుంది. మూత గట్టిగా బిగించి ట్యాంకులో తేలేయడమే. అయినా గదిలో గాలే 38 ఉంటే, ఆ గాలి కొట్టి నీళ్లెలా చల్లబడతాయండీ?

కూజానీళ్లు: కుండలో నీళ్లు చల్లబడినట్టే! గాలి చల్లగా ఉండక్కర్లేదు, పొడిగా ఉంటే చాలు. లెక్క చూడండి. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 580 కిలోక్యాలరీల వేడి పట్టుకుపోతాయి. మీ బాటిల్లోని ముప్పావు కిలో ఐసు కరిగి 30 డిగ్రీలకు చేరేసరికి లాగేది 82. అంటే 100 లీటర్లలో ఒక్క డిగ్రీ కూడా దిగదు. అదే అర లీటరు ఆవిరైతే దాదాపు మూడు డిగ్రీల లెక్క. అద్దాల గుండా, గదిలోంచి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి కొంత తగ్గుతుంది, అది బాటిలుకీ వర్తిస్తుంది.

సాగరతీరం: ఈ లెక్క హైదరాబాదులో చెల్లుతుంది, విశాఖలో చెల్లదు. 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉంటే తడి బల్బు ఉష్ణోగ్రత (అంటే ఆ గాలిలో ఆవిరవడం వల్ల నీళ్లు చల్లబడగల చివరి గీత) 22 దగ్గర ఉంటుంది. 35 డిగ్రీలు, 70 శాతం తేమ అయితే 30. ఫ్యాను ఎంత తిరిగినా నీటిని ఆ గీత కిందికి దించలేదు, గీత దాకా రావడమూ కష్టమే. ఉక్కపోత రోజుల్లో మాకు బాటిలో, గదికి ఏసీయో తప్పదు.

కూజానీళ్లు: ఒప్పుకుంటాను. ఇంకో మాట: కిటికీలు మూసి ఎయిర్ కూలరు పెట్టిన గదిలో హైదరాబాదైనా విశాఖే. కూలరు గాల్లోకి తేమ నింపుతుంది, ఫ్యాను పని అక్కడే దెబ్బతింటుంది.

గాజుతొట్టి: సరే, ఫ్యాను ఎలా బిగించాలి?

నాచుపచ్చ: 12 వోల్టుల 120 మిల్లీమీటర్ల కంప్యూటరు ఫ్యాను, 12 వోల్టుల అడాప్టరు. ట్యాంకు అంచున ఏటవాలుగా, గాలి నీటి మీదుగా జారిపోయేలా. మూత తీసేయాల్సిందే, మూసి ఉంటే ఆవిరి లోపలే నిలిచి పని జరగదు. చేపలు ఎగిరి పడకుండా దోమల జాలి కప్పండి. ఆవిరైన మేరకు రోజూ ఆర్వో నీళ్లు పోయండి. బోరు నీళ్లే పోస్తూ పోతే ఉప్పులన్నీ ట్యాంకులోనే మిగిలి టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల మొత్తం) ఎక్కుతుంది. ఆర్వో యంత్రం బయటికి వదిలే వేస్టు నీళ్లు మాత్రం వద్దు, వాటిలో ఉప్పులు ఇంకా ఎక్కువ. వారానికోసారి నీళ్లు మార్చడం మామూలే, కానీ పొద్దున్నే. మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లు కాగిపోయి ఉంటాయి.

ఐసుగడ్డ: మరి కరెంటు పోతే?

కూజానీళ్లు: అప్పుడు మీ బాటిలే. కానీ ఒకదాని తర్వాత ఒకటి. ఒకేసారి నాలుగు వేసి, అవి కరిగాక మళ్లీ వేడెక్కనిస్తే ఆ హెచ్చుతగ్గులకే చేపలకు తెల్లమచ్చ రోగం పట్టుకుంటుంది. గంటకు ఒక డిగ్రీకి మించి దించొద్దు.

నాచుపచ్చ: కరెంటు పోతే చేపల్ని ముందు చంపేది వేడి కాదు, ఊపిరాడకపోవడం. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30లో 7.6. తేడా చిన్నదే అనిపిస్తుంది, కానీ వేడికి చేప పీల్చేదీ పెరుగుతుంది. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 ఉంటే, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాలో విషపు భాగం 25 డిగ్రీల దగ్గర 5.4 శాతం, 30 దగ్గర 7.5. ముందు బ్యాటరీ ఎయిర్ పంపు కొనండి. మేత సగానికి తగ్గించండి, లైటు సాయంత్రమే వేయండి.

సాగరతీరం: హీటరు ప్లగ్గు కూడా పీకేయండి. థర్మోస్టాట్ ఇరుక్కుని ఆన్‌లోనే ఉండిపోతే ఫ్యానూ, బాటిలూ రెండూ దండగే.