సిగరెట్ మీదికి మనసు పోయినప్పుడు చీనీ (బత్తాయి) తొక్క వాసన చూస్తున్నా. ఇది నిజంగా పనిచేస్తోందా, నా భ్రమా?

చీనీ గుమాస్తా (అనంతపురం):

అందరికీ నమస్కారం. ఇక్కడి మార్కెట్ యార్డులో ఒక చీనీ మండీలో లెక్కలు రాస్తుంటాను. వయసు 41. సిగరెట్ అలవాటు ఇరవై ఏళ్లది, రోజుకు పదో పన్నెండో. మానేసి ఈరోజుకు 19 రోజులు. ఇంతకుముందు రెండుసార్లు మానేశాను. మొదటిసారి నాలుగు రోజులు, రెండోసారి మా చెల్లెలి పెళ్లి దాకా. పెళ్లిలో ఎవరో అగ్గిపెట్టె అడిగారు, ఇచ్చిన చేత్తోనే ఒకటి పుచ్చుకున్నా.

ఈసారి మూడో రోజు చాలా కష్టమైంది. వేలం అయిపోయింది, టీ వచ్చింది. నాకు టీ అంటే గ్లాసు కుడిచేతిలో, సిగరెట్ ఎడమచేతిలో. ఆ ఎడమచేతిని ఏం చేయాలో తెలియక పక్కన పడున్న చీనీకాయ తీసుకుని బొటనవేలి గోటితో తొక్క గిచ్చాను. రసం చిమ్మి కంట్లో పడింది, భగ్గుమంది. కన్ను తుడుచుకుంటుంటే వేళ్లకంటిన వాసన ముక్కుకు తగిలింది. పదహారేళ్లుగా రోజూ టన్నుల లెక్కన చూసే కాయ. దాని వాసన చూసింది మాత్రం అప్పుడే అనిపించింది. మళ్లీ మళ్లీ వాసన చూస్తూ కూర్చున్నా. ఇంతలో కాటా దగ్గర్నుంచి పిలుపు. సిగరెట్ సంగతి గుర్తొచ్చేసరికి లారీ సగం లోడయింది.

అప్పటినుంచి జేబులో తొక్కముక్క ఉండాల్సిందే. చొక్కాలన్నిటికీ జేబు దగ్గర పచ్చ మరక పడుతోందని మా ఆవిడ గొణుగుతోంది. సిగరెట్ మరక కన్నా నయమే కదా అన్నాను.

అంతకుముందు అందరూ చెప్పారని సోంపు నమిలి చూశా, ఇంకా ఎక్కువైంది. ఇరవై ఏళ్లు సిగరెట్ తాగిన ప్రతిసారీ ఇంటికి పోయే ముందు నమిలింది సోంపే మరి. ఇప్పుడు సోంపు నోట్లో పడితే నాలుక సిగరెట్ ఏదీ అని అడుగుతోంది.

నా అనుమానాలు రెండు. ఈ వాసన సంగతి నిజమేనా, లేక దృష్టి మళ్లడమేనా? పొద్దున గిచ్చిన తొక్క రాత్రికి ఎండిపోయి ఏ వాసనా ఉండదు. నాకు అసలు ఇబ్బంది రాత్రి అన్నం తిన్నాక. అప్పుడేం చేయాలి?

తెల్లకోటు అక్క (కర్నూలు):

తమ్ముడూ, భ్రమేం కాదు. నేను నర్సును, మా వార్డుకు మందు, పొగాకు మానాలని వచ్చేవాళ్లే ఎక్కువ. నువ్వు అడిగిందే అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ సైకాలజీ ప్రొఫెసర్ మైఖేల్ సాయెట్ వాళ్లు పరీక్ష చేసి 2019లో ప్రచురించారు. సిగరెట్ తాగేవాళ్లు 232 మందిని 8 గంటలు ముట్టకుండా రమ్మన్నారు. వచ్చాక వాళ్ల చేతే సిగరెట్ వెలిగించి, తాగనీయకుండా చేత్తో పట్టుకోమన్నారు. పాపం! అప్పుడు తాగాలన్న కోరికకు వందకు ఎన్ని మార్కులు వేస్తారంటే సగటున 82 వేశారట. తర్వాత డబ్బీలు ఇచ్చి వాసన చూడమన్నారు. కొందరికి తమకు నచ్చిన వాసన, అంటే చాక్లెట్, నిమ్మ, పుదీనా, వెనిల్లా లాంటివి. కొందరికి పొగాకు. కొందరికి ఏ వాసనా లేని డబ్బీ. నచ్చిన వాసన చూసినవాళ్లకు 19 మార్కులు తగ్గింది. మిగతా రెండిటికీ 11, 12 మధ్యే.

ఖాళీ డబ్బీకి కూడా తగ్గింది చూడు. అంటే దృష్టి మళ్లడం కొంత ఉంది, వాసన పని దానిపైన ఇంకొంత. వాసన మెదడులో జ్ఞాపకాల చోటికి నేరుగా పోతుంది, అందుకేనేమో మనసును అంత తొందరగా మళ్లిస్తుంది. అయితే వాళ్లు కొలిచింది ఐదు నిమిషాలే, పైగా వాళ్లెవరూ మానాలనుకుంటున్నవాళ్లు కారు. చీనీ తొక్కతో సిగరెట్ పోతుందని నేను చెప్పను. మనసు లాగే ఆ కొద్ది నిమిషాలు దాటిస్తుంది, అంతే. అదీ తక్కువేం కాదులే.

సోంపు గురించి నువ్వు చెప్పింది నాకు బాగా నచ్చింది. నీ జీవితంలో సిగరెట్ రాకముందు వాసన ఏదైనా ఉందేమో ఆలోచించు. రాత్రి ఇబ్బందికి నికోటిన్ గమ్ కూడా ఉంది. ఎంత మోతాదు అనేది డాక్టర్‌ను అడుగు. బబుల్‌గమ్ లాగా నమలకు, ఘాటు తగలగానే దవడ పక్కన పెట్టుకుని కాసేపు ఆగాలి. టీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగ్గా పట్టదు. ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వం వాళ్ల 1800-11-2356 ఉంది, డబ్బులు పడవు.

దర్గా వీధి అమ్మాయి (కడప):

మా నాన్నకు బీడీ అలవాటు. పెద్ద దర్గా దగ్గర అత్తరు కొని, దూదిలో ముంచి చెవి మడతలో పెట్టుకునేవాడు. మొదట్లో కట్టల్లోంచి రోజుకు నాలుగైదుకు దిగాడు. నెల తిరిగేసరికి మళ్లీ మామూలే. ఎందుకంటే పొద్దస్తమానం చెవిలో ఉంటే ముక్కుకు అలవాటై వాసనే తెలియడం మానేసింది. చిన్న సీసా జేబులో పెట్టుకుని, బీడీ గుర్తొచ్చినప్పుడే మూత తీయమన్నాం. అప్పుడు కొంచెం నయం. పూర్తిగా మానింది మాత్రం డాక్టర్ గట్టిగా చెప్పాకే. అన్నా, మీ తొక్క కూడా ఊరికే వాసన చూడొద్దు.

లారీ బాబాయ్ (ఆదోని):

పుదీనా బాగుంటుందని చెబితే నేనూ చూశాను. నాకు పనికిరాలేదు. నేను తాగిందే మింట్ సిగరెట్!

చీనీ గుమాస్తా (అనంతపురం):

అందరికీ థాంక్స్. అక్క అడిగిన ప్రశ్న రెండు రోజులు బుర్రలో తిరిగింది. సిగరెట్ రాకముందు వాసన అంటే నాకు వట్టివేరు. ఎండాకాలం మా అవ్వ కుండనీళ్లలో వేసేది. పూజసామాన్ల అంగడిలో ఒక కట్ట కొన్నా. ఇది చీనీ తొక్కలా కాదు, ఎండినా ఫరవాలేదు, నీళ్లు చల్లితే చాలు, వాసన మళ్లీ లేస్తుంది. రాత్రి అన్నం తిన్నాక తడిపిన గుడ్డలో చుట్టుకుని మిద్దెమీదికి పోతున్నా. కడప చెల్లెలు చెప్పినట్టు దిగేటప్పుడు డబ్బాలో పెట్టి మూత బిగిస్తున్నా.

దాచకుండా చెబుతా, నిన్న ఒకటి కాల్చాను. తాడిపత్రి నుంచి వచ్చిన లారీ డ్రైవర్ ఇచ్చాడు, జేబులో తొక్క లేదు. సగం తాగి పారేశా. రాత్రి కంచం ముందు కూర్చుని ముద్ద నోటిదాకా తెస్తే వేళ్లు కంపు. సబ్బుతో కడిగినా పోలేదు, చెంచా అడిగి తిన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు, చెంచా ఇచ్చింది అంతే.

అక్కా, ఆ నంబరుకు రేపు వేలం అయ్యాక ఫోన్ చేస్తా.