మూలధనం పెంచితే బ్యాంకు లాభం తగ్గుతుందా?

ప్రశ్న – ఎం.కాం. విద్యార్థి
బ్యాంకులకు అంతర్జాతీయంగా కుదిరిన బాసెల్ ప్రమాణాల్లో కనీస మూలధన నిష్పత్తి (అప్పులతో పోలిస్తే బ్యాంకు సొంత సొమ్ము వాటా) 8 శాతం కాగా, మన రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకులను 9 శాతం అడుగుతోంది, దానిపై 2.5 శాతం అదనపు నిల్వ కలిపితే 11.5 అవుతుంది. అంత సొమ్మును అప్పులివ్వకుండా పక్కన పెట్టేస్తే లాభం ఎక్కడి నుంచి వస్తుందో పెద్దలు వివరించగలరు. నా ప్రాజెక్టు ఈ విషయం మీదే.

జవాబు 1
ప్రశ్నలోనే చిన్న పొరపాటు ఉందండీ. పక్కన పెట్టేది సీఆర్‌ఆర్, అంటే డిపాజిట్లలో కొంత శాతం రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన నగదు. మూలధనం అలా పెట్టెలో కూర్చోదు, అదీ అప్పుల రూపంలో బయట తిరుగుతూనే ఉంటుంది. 100 రూపాయల ఆస్తుల మీద ఏడాదికి రూపాయి లాభం వచ్చే బ్యాంకులో వాటాదారుల సొమ్ము 8 రూపాయలైతే వారికి గిట్టేది 12.5 శాతం, 10 రూపాయలైతే 10 శాతమే. అయితే ఆ అదనపు 2 రూపాయల మేరకు డిపాజిట్లు అక్కరలేదు కనుక, 6 శాతం వడ్డీ అనుకున్నా 12 పైసలు మిగిలి, పన్ను సంగతి వదిలేస్తే ప్రతిఫలం 11.2 దగ్గర ఆగుతుంది. వాటాదారుకు తగ్గిన మాట నిజం. బ్యాంకు లాభం మాత్రం పెరిగింది.

జవాబు 2
శాఖలో పనిచేసేవాడిగా ఒకటి కలుపుతాను. ఈ నిష్పత్తిలో హారం మొత్తం అప్పులు కాదు, రిస్కు వెయిటేజీతో, అంటే ఆ అప్పు ఎంత ప్రమాదకరమో చెప్పే శాతంతో గుణించిన అప్పులు. 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు హామీ లేని వ్యక్తిగత రుణాల వెయిటేజీని 100 నుంచి 125 శాతానికి పెంచడంతో, లక్ష రూపాయల అప్పుకు 11,500 సరిపోయే మూలధనం 14,375 అయింది. బంగారు రుణాలకు ఆ పెంపు వర్తించలేదు. తర్వాతి సమీక్షల్లో వ్యక్తిగత రుణాల లక్ష్యాల ఊసు సన్నగిల్లి, మా శాఖలో నగలు తూచే అప్రైజరు బల్ల దగ్గర రద్దీ పెరిగింది. లాభం మీద అసలు ప్రభావం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

జవాబు 3
మూలధనం చాలకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. మొండి బకాయిలకు కేటాయింపులు చేసి చేసి సొంత సొమ్ము కరిగిపోగా, 2018లో 11 ప్రభుత్వ రంగ బ్యాంకులు సత్వర దిద్దుబాటు చర్యల (బలహీనపడిన బ్యాంకులపై రిజర్వు బ్యాంకు పెట్టే ఆంక్షలు) కింద ఉన్నాయి. కొత్త రుణాలకు పగ్గాలు పడినా జీతాలు, అద్దెలు ఆగవు కదా! ఇక మీ ప్రాజెక్టు సంగతి: నిష్పత్తి, లాభం రెండూ కలిసి పెరిగినట్లు గణాంకాల్లో కనిపిస్తే, మూలధనమే లాభాన్ని తెచ్చిందని రాసేయకండి, లాభాన్ని పంచకుండా నిలుపుకున్నా మూలధనం పెరుగుతుంది. కనీసం ముందటి ఏడాది నిష్పత్తిని ఈ ఏడాది లాభంతో పోల్చండి.