అప్‌డేట్: గుంటూరు విడిచి వచ్చాక ప్రార్థన రావడం లేదని అడిగాను

భర్త ప్రభువునందు నిద్రించిన (చనిపోయిన) తర్వాత గుంటూరులో ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదులోని కుమారుని దగ్గరకు వచ్చాననీ, మోకరించినా నోట మాట రావడం లేదనీ, ఇది అవిశ్వాసమా అనీ అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

"ఇంకా ఎక్కువగా ప్రార్థించండి" అన్న సలహా నాకు అక్కరకు రాలేదు. బైబిల్లోని 88వ కీర్తన చదవమన్న సోదరి మాట మాత్రం నన్ను నిలబెట్టింది. విలాప కీర్తనలలో చాలావరకు చివరికి స్తుతివైపు తిరిగితే, ఇది చీకటే తనకు బంధువర్గమైందన్న మొరతోనే ముగుస్తుంది. అయినా ఆ మొర దేవునికే పెట్టినది. మాటలు రాని రాత్రులలో దానినే పైకి చదువుతున్నాను.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయాన్ని మరొకరు గుర్తుచేశారు. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దూత ముందుగా ఉపదేశమేమీ చేయక, నిప్పులమీద కాల్చిన అప్పమూ నీళ్లూ ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు. అది చదివాకే వేళకు భోంచేయడం మొదలుపెట్టాను.

గుంటూరులోని పాత సంఘం (చర్చి) నుండి సభ్యత్వ బదిలీ ఉత్తరం తెప్పించుకుని, ఇక్కడి సంఘంలో ఇచ్చాను. ఆరాధనలో కీబోర్డు మోత ఎక్కువే గానీ, స్త్రీల కూడికలో ఇద్దరు విధవరాండ్రు నన్ను తమ పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నింపడంలో సాయపడింది కూడా వారే.