సిడ్నీలో ఆర్‌ఎస్‌ఏ పరీక్ష రాయాలి, కడప నుంచి పోతున్నా. ఎలా చదవాలి?

కడప_కుర్రోడు
అందరికీ నమస్కారం. మాది కడప, ఎర్రముక్కపల్లి. జులైలో మాస్టర్స్‌కు సిడ్నీ పోతున్నాను. అక్కడ రెస్టారెంట్‌లో గానీ పబ్‌లో గానీ మందు అందించే పని చేయాలంటే ముందు ఆర్‌ఎస్‌ఏ సర్టిఫికెట్ ఉండాలని సీనియర్లు చెప్పారు. రెస్పాన్సిబుల్ సర్వీస్ ఆఫ్ ఆల్కహాల్ అని ఒక కోర్సు, దానికో పరీక్ష.

నా ఇబ్బంది ఏమంటే, మా ఇంట్లో ఎవరికీ తాగే అలవాటు లేదు. పెగ్గు అంటే ఎంతో, బీరు సీసాలో ఎంత మందు ఉంటుందో నాకు ఏమీ తెలియదు. ఇక్కడ ఉండగానే పరీక్ష రాసేయొచ్చా? ఏం చదవాలి? ఇక్కడ ఒక కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు కడితే నా పేరు మీద వాళ్లే రాసి సర్టిఫికెట్ తెప్పిస్తామన్నారు. నాకు మనసు ఒప్పలేదు. అమ్మకు ఈ పని గురించి ఇంకా చెప్పలేదు, ఆ టెన్షన్ వేరే ఉంది.

పెన్నా_తీరం
తమ్ముడూ, మాది ప్రొద్దుటూరు. రెండేళ్లుగా సిడ్నీలో చదువుకుంటూ ఒక క్లబ్బులో పని చేస్తున్నాను. మొదట ఆ కన్సల్టెన్సీ సంగతి వదిలెయ్. కోర్సులో నీ గుర్తింపు కార్డు చూస్తారు, నిన్ను నటించి చూపించమంటారు, వీడియో తీసి పంపమంటారు. వేరేవాళ్లు రాసిచ్చే పని కాదిది. దొరికితే పోయేది నీ డబ్బే కాదు.

ఇక్కడినుంచే రాసేయొచ్చా అన్నావు. ఆ కోర్సు ప్రభుత్వ గుర్తింపు ఉన్న శిక్షణ కిందికి వస్తుంది కాబట్టి ముందు యూఎస్ఐ అని ఒక నంబరు తీసుకోవాలి. మన పాస్‌పోర్టు, వీసాలతో ఆ నంబరు రావాలంటే నువ్వు ఆస్ట్రేలియాలో దిగి ఉండాలి. అందుకే కడపలో ఉండగా చదువుకో, సిడ్నీకి వచ్చాక రాయి. రెండోది, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పద్ధతి. సిడ్నీ ఉన్నది న్యూ సౌత్ వేల్స్‌లో. ఆ రాష్ట్రం ఆమోదించిన శిక్షణ సంస్థ దగ్గర చేసిందే అక్కడ చెల్లుతుంది. చవకగా వస్తుందని వేరే రాష్ట్రం కోర్సు కొని, మళ్లీ డబ్బు కట్టి రెండోసారి చేసినవాళ్లు మా రూములోనే ఇద్దరున్నారు. పాసయ్యాక 90 రోజులు చెల్లే తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. ఆ లోపల కార్డు తీసుకోవాలి. కార్డు ఐదేళ్లు పని చేస్తుంది.

ఇక చదవాల్సింది. అన్నింటికంటే ముఖ్యం, మత్తులో ఉన్న మనిషి అంటే చట్టం ఎవరిని అంటుందో. 2007 లిక్కర్ చట్టంలో నాలుగు అంశాలు ఉన్నాయి: మాట, నిలకడ, కాళ్లూ చేతుల పొందిక, ప్రవర్తన. వీటిలో మార్పు స్పష్టంగా కనబడాలి, అది తాగడం వల్లే అని అనుకోవడానికి తగిన కారణం ఉండాలి. ఈ రెండో ముక్కనే అందరూ మరచిపోతారు. షుగరు పడిపోయిన మనిషి కూడా తూలుతాడు, మాట ముద్దగా వస్తుంది. పక్షవాతం వచ్చినా, తలకు దెబ్బ తగిలినా అంతే. పరీక్షలో ఈ తేడా మీద ప్రశ్న తప్పకుండా ఉంటుంది. నిజంగా కూడా చూశాను, ఒక పెద్దాయన్ని తాగాడనుకొని బయటికి పంపబోయారు, తీరా చూస్తే ఇన్సులిన్ వేసుకొని తినలేదు.

మత్తులో ఉన్నవాడికి పోస్తే కోర్టులో 11,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. అది యజమానికే కాదు, పోసిన నీకూ పడొచ్చు. ఇంకొకటి, బయటికి పొమ్మన్న మనిషి ఆ చోటికి 50 మీటర్ల దూరంలోపు నిలబడకూడదు, 24 గంటల దాకా మళ్లీ లోపలికి రాకూడదు. తాగే చోట మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి. ఈ అంకెలు గుర్తుంచుకో.

కడప_కుర్రోడు
అన్నా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. స్టాండర్డ్ డ్రింక్ అని ఒకటి చదివాను. అది మాత్రం తలకెక్కలేదు.

అనంత_లెక్కలు
నేను చెప్తాను. అనంతపురంలో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, ఇది నా సబ్జెక్టే. ఆస్ట్రేలియాలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాలు. గ్లాసు ఎంత పెద్దదని కాదు చూసేది, అందులో ఆల్కహాలు ఎన్ని గ్రాములుందని.

లెక్క ఇంతే. ఎన్ని లీటర్లో దాన్ని శాతంతో హెచ్చించు, వచ్చినదాన్ని 0.789తో హెచ్చించు. ఆ 0.789 ఆల్కహాలు సాంద్రత. 375 మిల్లీలీటర్ల బీరు డబ్బా, 4.8 శాతం అనుకో. 0.375 ఇంటూ 4.8 ఇంటూ 0.789, అంటే 1.4 స్టాండర్డ్ డ్రింకులు. 40 శాతం ఉన్న విస్కీ 30 మిల్లీలీటర్లు దాదాపు ఒకటి.

ఇప్పుడు మన ఊరి కొలతలు చూడు. మన విస్కీ 42.8 శాతం. లార్జ్ అంటే 60 మిల్లీలీటర్లు. లెక్క వేస్తే 20 గ్రాములు వస్తుంది, అంటే మన ఒక్క లార్జ్ వాళ్లకు రెండు డ్రింకులు. మన 650 మిల్లీలీటర్ల బీరు సీసా 5 శాతమైతే రెండున్నర దాటుతుంది, 8 శాతం స్ట్రాంగ్ అయితే నాలుగు దాటుతుంది. "ఒక్క సీసానే కదా తాగింది" అనే మాట ఎంత తప్పో ఇక్కడ తెలుస్తుంది. లివరు గంటకు సుమారు ఒక స్టాండర్డ్ డ్రింకునే కరిగిస్తుంది. మూడు లార్జ్‌లు తాగినవాడికి ఆరు గంటలు పడుతుంది. కాఫీ తాగించినా, తలమీద చల్లనీళ్లు పోసినా, నిమ్మకాయ మజ్జిగ ఇచ్చినా ఆ వేగం పెరగదు. వీటి మీద తప్పో ఒప్పో చెప్పమని అడుగుతారు. మన ఇళ్లలో నిమ్మరసం నమ్మకం ఎంత గట్టిదో తెలుసు కదా, అలవాటుగా ఒప్పు అని పెట్టేస్తారు. జాగ్రత్త.

వయసు దగ్గర కూడా మనవాళ్లు తడబడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 21, ఆస్ట్రేలియాలో 18. బండి నడపడానికి రక్తంలో హద్దు మన దగ్గర 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు, అక్కడ పూర్తి లైసెన్సు ఉన్నవాళ్లకు 50, కొత్తగా నేర్చుకునేవాళ్లకు సున్నా.

సీమపిల్ల_ఫ్రీమాంట్
మాది నంద్యాల రోడ్డు, కర్నూలు. నేనుండేది కాలిఫోర్నియా, అక్కడి సంగతి కావలసినవాళ్లకు రాస్తున్నా. మీ ఆర్‌ఎస్‌ఏ లాంటిదాన్నే మా దగ్గర ఆర్‌బీఎస్ అంటారు, 2022 జులై 1 నుంచి తప్పనిసరి. పనిలో చేరిన 60 రోజుల్లోపు సర్టిఫికెట్ ఉండాలి. ముందు రాష్ట్ర విభాగం దగ్గర 3 డాలర్లు కట్టి నమోదు, తర్వాత శిక్షణ, శిక్షణ అయిన 30 రోజుల్లో పరీక్ష. 70 శాతం రావాలి, మూడు ప్రయత్నాలు. మూడేళ్లకు మళ్లీ చేసుకోవాలి. వయసు 21. రాత్రి 2 నుంచి పొద్దున 6 దాకా అమ్మకం లేదు.

నాకు గ్రీన్ కార్డు వచ్చాకే బిర్యానీ రెస్టారెంట్‌లో చేరాను. ఎఫ్-1, అంటే చదువు వీసా మీద వచ్చిన పిల్లలు ఈ సర్టిఫికెట్ తీసుకొని క్యాంపస్ బయట పని చేయొచ్చనుకోవద్దు, వీసాకే ముప్పు.

గుర్తింపు కార్డు చూసే పద్ధతి ఏ దేశంలోనైనా పనికొస్తుంది. కార్డు చేతిలోకి తీసుకొని అంచులు తడిమి చూడాలి. ఫొటో, పుట్టిన తేదీ, గడువు చూడాలి. అనుమానం ఉంటే ఒక ప్రశ్న అడగాలి. పుట్టిన తేదీ అడిగితే బట్టీ పట్టి చెప్పేస్తారు, మీది ఏ రాశి అని అడిగితే వేరేవాళ్ల కార్డు తెచ్చినవాళ్లు ఆగిపోతారు.

కడప_కుర్రోడు
అక్కా, రాశి ప్రశ్న బాగుంది. రాసుకున్నాను. ఇంగ్లండ్‌లో కూడా ఇట్లాగేనా? మా ఫ్రెండ్ మాంచెస్టర్ పోతున్నాడు.

తుంగభద్ర_గట్టు
అక్కడ మామూలు బార్ పనికి పర్సనల్ లైసెన్సు అక్కర్లేదు తమ్ముడూ. మేనేజరు స్థాయికి పోవాలంటే అవసరం. ఆ లైసెన్సు పరీక్షకు 40 ప్రశ్నలు, 40 నిమిషాలు, 28 సరైతే పాస్. అక్కడి 2003 లైసెన్సింగ్ చట్టంలోని నాలుగు లక్ష్యాలు నోటికి రావాలి: నేరాలు అరికట్టడం, ప్రజల భద్రత, చుట్టుపక్కలవారికి ఇబ్బంది లేకుండా చూడడం, పిల్లల రక్షణ.

బురుజు_కెప్టెన్
నాయనా, నేను కర్నూలులో బార్ అండ్ రెస్టారెంట్‌లో కెప్టెన్‌ని. టేబుళ్ల మధ్య నిలబడి 19 ఏళ్లు. నాకు ఏ సర్టిఫికెట్టూ లేదు, మన దగ్గర ఎవరూ అడగలేదు. మీ పరీక్షలో అడిగేవన్నీ చదువుతుంటే, ఇవి నాకు మొదటిరోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తా ఉంది.

మనిషి మత్తులోకి పోయేది కాళ్లలో కాదు, ముందు గొంతులో తెలుస్తుంది. నెమ్మదిగా మాట్లాడేవాడు గట్టిగా మాట్లాడతాడు, గలగలా మాట్లాడేవాడు ఊరుకుండిపోతాడు. అలవాటైన తీరు మారిందంటే చూసుకోవాలి. చిల్లర లెక్కపెట్టడానికి ఎక్కువసేపు పడుతుంది. చెప్పిందే మళ్లీ చెప్తాడు. అప్పుడే వేగం తగ్గించాలి. టేబుల్ దగ్గరికి కొంచెం ఆలస్యంగా పోవాలి, అడక్కుండానే నీళ్లు పెట్టాలి, తినేది ఏమైనా తెస్తానని చెప్పాలి. తూలే దాకా ఆగితే అప్పుడు వద్దనడం తగవుకే పోతుంది.

వద్దని చెప్పేటప్పుడు నలుగురి ముందు చెప్పొద్దు. పక్కకు వంగి, చిన్నగా, "అన్నా, ఈ పొద్దుకు ఇంక చాలు" అనాలి. "నువ్వు తాగినావు" అనే మాట మాత్రం నోట్లోంచి రానీయొద్దు. ఆ మాటకే గ్లాసులు లేస్తాయి.

ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట రోజూ వచ్చే ఒకాయనకు, చాలని తెలిసి కూడా, ఆయన అడిగినాడని చివరి రెండు లార్జ్‌లు పోసినాను. టిప్పు బాగా ఇచ్చే మనిషి. బండి మీద పోయి నంద్యాల రోడ్డులో పడినాడు. బతికినాడు, కానీ కాలు పోయింది. ఆయన నన్ను ఒక మాట అనలేదు. అప్పటినుంచి బిల్లు ఇచ్చేటప్పుడు ప్రతి ఒక్కరినీ "ఇంటికి ఎట్లా పోతారు?" అని అడుగుతాను. తాళాలు తీసి కౌంటర్లో పెట్టించి ఆటో పిలిచిన రోజులు ఎన్నో.

కడప_కుర్రోడు
అన్నా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. అమ్మకు ఎట్లా చెప్పాలా అని ఇంకా ఆలోచిస్తున్నాను. మా అమ్మమ్మ ఊర్లో సారా అంగడి మూయించిన ఆడవాళ్లలో ఒకరు. ఆ ఇంట్లో పుట్టి నేను మందు పోస్తానని చెప్పాలి.

విశ్రాంత_టీచర్
బాబూ, నేను అనంతపురం జిల్లాలో టీచరుగా పని చేశాను. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఉద్యమం మన పల్లెలదాకా వచ్చినప్పుడు రాత్రి బడి ఆడవాళ్లతో కలిసి నడిచాను. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో పూర్తి నిషేధం, రెండేళ్లకే సడలించారు. ఆ ఆడవాళ్లు అడిగింది ఒక్కటే. మగవాడు కూలి డబ్బంతా తాగేసి తూలుతున్నా సరే, చేతిలో ఇంకో ప్యాకెట్ పెట్టేవాడు ఆగడా అని. నువ్వు నేర్చుకోబోయే చదువు, ఆపాల్సిన చోట ఆపే చదువు. మీ అమ్మగారికి అదే చెప్పు. ఆ తర్వాత కూడా వద్దంటే, వంటింట్లో పని చూసుకో, తప్పేమీ లేదు.

పెన్నా_తీరం
అమ్మా, నమస్కారం. తమ్ముడూ, ఇంకో సంగతి మరిచాను. నేను మొదటిసారి ఫెయిలయ్యింది రాతలో కాదు, నటించి చూపే భాగంలో. తాగినట్టు నటిస్తున్న స్నేహితుణ్ని చూసి "సారీ సర్, సారీ సర్" అంటూ చివరికి ఇంకొకటి ఇస్తానని ఒప్పేసుకున్నాను. మనకు పెద్దవాళ్లకు కాదని చెప్పే అలవాటు లేదు, అదే అడ్డం. పోయేలోపు ఇంట్లో రోజూ ఒక పది నిమిషాలు ఇంగ్లిషులో నోటితో చెప్పి అలవాటు చేసుకో. కారణం చెప్పు, బదులుగా నీళ్లో తిండో ఇస్తానని చెప్పు, అయినా వినకపోతే సూపర్‌వైజర్‌ను పిలుస్తానని చెప్పు. మూడే వాక్యాలు. వీసా మీద పక్షానికి 48 గంటలే పని చేయొచ్చని కూడా గుర్తుంచుకో.

కడప_కుర్రోడు
సెప్టెంబరు. అందరికీ చెప్పాలని వచ్చాను. పాసయ్యాను, కార్డు వచ్చింది. అమ్మకు ఎయిర్‌పోర్టుకు పోయే ముందురోజు చెప్పాను. టీచరమ్మ మాటల్లోనే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మమ్మకు నువ్వే ఫోను చేసి చెప్పు" అంది. చేశాను.

పరీక్షలో మజ్జిగ రాలేదు కానీ కాఫీ వచ్చింది. షుగరు ప్రశ్న వచ్చింది. నటించే భాగానికి చెల్లెలు నెలరోజులు తాగుబోతు వేషం వేసి నాతో గొడవ పెట్టుకొని అలవాటు చేయించింది.

పోయిన శనివారం మొదటిసారి నిజంగా వద్దని చెప్పాల్సి వచ్చింది. మా నాన్న వయసున్న మనిషి. చెప్పిందే నాలుగుసార్లు చెప్తున్నాడు, గొంతు పెరిగింది. పక్కకు వంగి చిన్నగా చెప్పాను. కోప్పడ్డాడు, తర్వాత నీళ్లు తాగాడు. చేతులు వణికినాయి నాకు.

బురుజు_కెప్టెన్
శభాష్ నాయనా. ఇంటికి ఎట్లా పోయినాడు?

కడప_కుర్రోడు
అడిగానన్నా. కారు తెచ్చుకున్నానన్నాడు. సూపర్‌వైజర్‌ను పిలిచాను, ఇద్దరం కూర్చోబెట్టి ఆయన కూతురికి ఫోను చేయించాం. ఆమె వచ్చేదాకా నలభై నిమిషాలు నేనే పక్కన నిలబడ్డాను.