రెండు సర్వర్ల క్లస్టర్‌లో తీగ తెగితే రెండూ ప్రధానమే అంటున్నాయి

ప్రశ్న: ఒక సర్వర్ ఆగితే రెండోది పని అందుకునేలా, లినక్స్ మీద పేస్‌మేకర్ (ఏ సేవ ఎక్కడ నడవాలో చూసేది), కోరోసింక్ (సర్వర్ల మధ్య సందేశాలు నడిపేది) వాడి రెండు సర్వర్ల క్లస్టర్ పెట్టాను. వర్చువల్ ఐపీ (పని చేస్తున్న సర్వర్‌కు మారే చిరునామా), ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒకే గ్రూపులో ఉన్నాయి. డేటా ఉన్న డిస్కు రెండు సర్వర్లకూ ఉమ్మడి. మొదట వీటిలో ఏ రిసోర్సూ మొదలు కాలేదు. స్టోనిత్ (అవతలి సర్వర్‌ను బలవంతంగా ఆపే ఏర్పాటు) ఆపేస్తే చాలని ఒకచోట చదివి ఆపేశాను, అప్పటినుంచి అంతా నడుస్తోంది. ఒక సర్వర్‌ను షట్‌డౌన్ చేస్తే రెండోది చక్కగా అందుకుంటోంది. కానీ రెండింటి మధ్య నెట్‌వర్క్ తీగ తీసేస్తే వర్చువల్ ఐపీ రెండింటిలోనూ కనిపిస్తోంది. ఎక్కడ సరిచేయాలి?

జవాబు: దయచేసి ఆ తీగను మళ్ళీ తీయకండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఒకేసారి రెండు సర్వర్లలో మౌంట్ చేయదగినది కాదు. ఐపీ రెండుచోట్లా లేచిందంటే డిస్కు కూడా రెండుచోట్లా మౌంట్ అయి ఉండవచ్చు, డేటా పాడయ్యేది అక్కడే. క్లస్టర్‌ను ఆపి, డిస్కును అన్‌మౌంట్ చేసి, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్‌ను మార్పులు చేయని పద్ధతిలో నడిపి చూడండి.

ఇక కారణం. అవతలి సర్వర్ నుంచి సందేశాలు ఆగిపోయాయంటే అది చచ్చిపోయిందా, తీగ మాత్రమే తెగిందా అన్నది ఇవతలి సర్వర్ ఎంత తరచి చూసినా తెలుసుకోలేదు. మూడు సర్వర్లుంటే మెజారిటీ తేలుస్తుంది. రెండే ఉంటే ఒకటి పోగానే కోరమ్ (నిర్ణయానికి కావలసిన మెజారిటీ ఓట్లు) పోవాలి, అందుకే క్లస్టర్‌ను అమర్చే పీసీఎస్ ఆదేశం కోరోసింక్ అమరికలో టూ నోడ్ అనే ప్రత్యేక మినహాయింపు రాస్తుంది. దాంతో ఒక్క ఓటు ఉన్నా కోరమ్ ఉన్నట్టే. అంటే తీగ తెగినప్పుడు ఇద్దరికీ కోరమ్ ఉంటుంది, ఇద్దరూ హక్కుదారులే! ఈ మినహాయింపు భద్రంగా పనిచేసేది ఫెన్సింగ్ ఉన్నప్పుడే. ఫెన్సింగ్ అంటే ఇదే: అవతలి సర్వర్‌ను నిజంగా ఆపేసి, ఆగిందని నిర్ధారించుకున్నాకే రిసోర్సులు అందుకోవాలి. ఆ ఆపే ఏర్పాటే స్టోనిత్. అది లేకుండా రిసోర్సులను మొదలుపెట్టనని పేస్‌మేకర్ మొరాయించింది మీ డేటాను కాపాడటానికే.

మీ సర్వర్లలో ఐపీఎంఐ పోర్టు (దూరం నుంచి సర్వర్ పవర్ ఆపగల పోర్టు) ఉంటే ఒక్కో సర్వర్‌కు ఒక ఫెన్స్ పరికరం రాయండి. మొదటి సర్వర్‌ను ఆపే పరికరానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టండి. లేకపోతే తీగ తెగగానే రెండూ ఒకదాన్నొకటి ఒకేసారి ఆపేసుకోవచ్చు. ఆలస్యం పెడితే మొదటిదే ముందు చేయి చేసుకుంటుంది, అదే మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు: వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. క్లస్టర్ ఆపేశాను. ఫైల్ సిస్టమ్‌లో లోపాలేమీ కనిపించలేదు. కానీ ఈ సర్వర్లలో ఐపీఎంఐ లేదు.

జవాబు: ఉమ్మడి డిస్కు ఉంది కనుక దాని ద్వారానే ఫెన్సింగ్ చేసే ఎస్‌బీడీ సరిపోతుంది. దానికి కొద్ది మెగాబైట్ల పార్టిషన్ విడిగా ఇవ్వండి, మీద ఫైల్ సిస్టమ్ వేయకండి. ఆపవలసిన సర్వర్ పేరిట రెండో సర్వర్ అందులో ఒక సందేశం రాస్తుంది. అది చదవగానే ఆ సర్వర్ తనను తాను రీబూట్ చేసుకుంటుంది. చదవలేనంతగా బిగుసుకుపోతే వాచ్‌డాగ్ (స్పందన ఆగితే సర్వర్‌ను రీబూట్ చేసే టైమర్) రీబూట్ చేస్తుంది. కనుక హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఉందేమో చూడండి. కెర్నెల్‌లోని సాఫ్ట్‌వేర్ వాచ్‌డాగ్ అయిన సాఫ్ట్‌డాగ్‌ను అంతగా నమ్మలేం, కెర్నెలే స్తంభిస్తే అదీ స్తంభిస్తుంది. సందేశం కోసం వేచి ఉండే గడువు వాచ్‌డాగ్ గడువుకు కనీసం రెట్టింపు ఉండాలి.

మరొకరు: మూడో చిన్న యంత్రం దొరికితే దానిపై క్యూనెట్‌డీ అనే ఓటు సేవ నడిపి, దాన్ని క్లస్టర్‌కు మూడో ఓటుగా (క్యూడివైస్) కలపండి. అది ఓటు మాత్రమే వేస్తుంది, రిసోర్సులు నడపదు. ఫైర్‌వాల్‌లో టీసీపీ 5403 తెరవాలి. ఇది ఉన్నా ఫెన్సింగ్ మాత్రం తీసేయకూడదు. కోరోసింక్‌కు వేరే స్విచ్ మీదుగా రెండో లింకు ఇస్తే ఇలా విడిపోయే సందర్భాలే తగ్గుతాయి. పంచుకునే డేటా ఏదీ లేక, వర్చువల్ ఐపీ ఒక్కటే కావాలనుకునేవారికి మాత్రం ఐపీని సర్వర్ల మధ్య మార్చే కీప్‌అలైవ్‌డీ చాలు, ఇంత బరువు అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు: ఎస్‌బీడీ పెట్టాను, స్టోనిత్ మళ్ళీ ఆన్ చేశాను. దీన్ని ఎలా పరీక్షించాలి?

జవాబు: షట్‌డౌన్ చేసి చూడటం పరీక్ష కాదు, అది మర్యాదగా చెప్పి వెళ్ళిపోవడం. డేటాబేస్ బ్యాకప్ తీసుకున్నాక మొదట పీసీఎస్ స్టోనిత్ ఫెన్స్ ఆదేశంతో రెండో సర్వర్‌ను ఆపించండి. తర్వాత ఒక సర్వర్‌లో కెర్నెల్‌ను కావాలని క్రాష్ చేయించండి. చివరగా కోరోసింక్ వాడే యూడీపీ 5405ను ఫైర్‌వాల్‌లో రెండు దిశల్లోనూ అడ్డుకోండి. ప్రతిసారీ ఒక సర్వర్ కచ్చితంగా రీబూట్ కావాలి, ఆ తర్వాతే రెండోదానిలో డిస్కు మౌంట్ కావాలి. ఈ వరుస లాగ్‌లో కనిపించకపోతే ఆ లాగ్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.