ఇంటర్నెట్ లేకపోతే జరిగే అవకాశమే లేని మేలు ఏదైనా ఉందా?

ప్రశ్న: పాఠకురాలు

ఇంటర్నెట్ గురించి ఎక్కడ చర్చ మొదలైనా అబద్ధపు వార్తలు, దూషణలు, మోసాలు, వ్యసనం దగ్గరే ఆగిపోతోంది. అవి లేవని నేను అనడం లేదు. అయితే ఆన్‌లైన్ బృందాల వల్ల కలిగిన మేలును కూడా అంతే శ్రద్ధగా లెక్క చూడాలని నా అభిప్రాయం. ఉత్తరానికి బదులు ఈమెయిల్ వంటి సౌకర్యాల గురించి నేను అడగడం లేదు. అవి పాత పనులే, ఇప్పుడు కాస్త వేగంగా జరుగుతున్నాయి. ఒకరికొకరు ముఖపరిచయం లేని మనుషులు, పైసా ఆశించకుండా, ఇంటర్నెట్ ఉండబట్టే చేయగలిగిన పని ఏదైనా ఉందా? ఉంటే అది ఏ విధంగా జరిగిందో కాస్త వివరంగా చెప్పగలరా?

సమాధానం: దారిగీత

పాఠకురాలు గారూ, మీ ప్రశ్నకు నాకు వెంటనే తోచే జవాబు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఎవరైనా ఉచితంగా వాడుకోగల, ఎవరైనా దిద్దగల ప్రపంచ పటం ఉండాలని స్టీవ్ కోస్ట్ 2004లో బ్రిటన్‌లో దీన్ని మొదలుపెట్టారు. 2010 జనవరి 12న హైతీలో పెను భూకంపం వచ్చేనాటికి రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో ముఖ్యమైన రహదారులు తప్ప ఆ పటంలో పెద్దగా ఏమీ లేవు. ఉపగ్రహాల నుంచి, విమానాల నుంచి తీసిన చిత్రాలు అందుబాటులోకి రాగానే, హైతీలో ఎన్నడూ అడుగుపెట్టని వందలాది మంది తమ తమ దేశాల్లో కూర్చుని ఆ చిత్రాల ఆధారంగా వీధులు గీశారు, కూలిన భవనాలను, నిరాశ్రయుల శిబిరాలను గుర్తించారు. కొద్ది రోజుల్లోనే ఆ పటం సహాయక బృందాల జీపీఎస్ పరికరాల్లోకి చేరింది.

నేను కూడా ఈ పని చేస్తుంటాను కాబట్టి అదెలా ఉంటుందో చెబుతాను. తెర మీద పైనుంచి తీసిన ఫొటో ఉంటుంది. రోడ్డు మొదట్లో ఒక చుక్క పెట్టి, మలుపు వచ్చిన ప్రతి చోటా మరో చుక్క పెట్టుకుంటూ వెళితే గీత తయారవుతుంది. అది తారురోడ్డా, మట్టిబాటా, కాలిబాటా అన్నది తర్వాత నమోదు చేయాలి. చెట్ల నీడ పడి బాట మధ్యలో కనబడకపోతే ఊహించి కలపకూడదు. కనబడినంత మేరకు గీసి, మిగతాది సందేహమని రాసి పెట్టాలి. పని పంచుకోవడానికి ఆ ప్రాంతాన్ని చిన్న గడులుగా విడదీస్తారు; ఆపైన అనుభవజ్ఞులు మరొకరు అదే గడిని తెరిచి సరిచూస్తారు. ఎవరు ఏ గీత ఎప్పుడు మార్చారో చరిత్ర మొత్తం అందరికీ కనబడుతుంది. అపరిచితులు చేసిన పనిని సహాయక బృందాలు నమ్మగలగడానికి ఈ ఏర్పాటే ఆధారమని నేను గట్టిగా నమ్ముతాను.

సమాధానం: నక్షత్రవీధి

ఖగోళశాస్త్రంలోనూ ఇటువంటిదే జరిగింది. టెలిస్కోపుతో ఆకాశాన్ని చిత్రీకరించే స్లోన్ డిజిటల్ స్కై సర్వే అనే ప్రాజెక్టు సేకరించిన లక్షలాది గెలాక్సీల చిత్రాలను ఆకారాన్ని బట్టి విడదీయడం కొద్దిమంది శాస్త్రవేత్తల వల్ల అయ్యే పని కాదు, అప్పటి కంప్యూటర్ ప్రోగ్రాములు ఈ విషయంలో మనిషి కంటికి సాటి రాలేదు. అందుకని 2007లో గెలాక్సీ జూ పేరుతో ఆ చిత్రాలను అందరి ముందూ పెట్టారు. ఒకే చిత్రాన్ని చాలామందికి చూపించి అభిప్రాయాలను కలిపి లెక్కగట్టడం వల్ల ఏ ఒక్కరి పొరపాటూ ఫలితాన్ని పాడు చేయదు.

ఆ ఏడాదే నెదర్లాండ్స్‌కు చెందిన హానీ వాన్ ఆర్కెల్ అనే ఉపాధ్యాయురాలు ఒక గెలాక్సీ పక్కన వింత మరకను చూసి, ఇదేమిటని గెలాక్సీ జూ చర్చావేదికలో అడిగారు. శాస్త్రవేత్తల దగ్గర కూడా జవాబు లేదు. పెద్ద టెలిస్కోపులతో పరిశీలించిన మీదట అది ఒక భారీ వాయుమేఘమని, పక్క గెలాక్సీ కేంద్రం ఒకప్పుడు ప్రచండంగా వెలిగినప్పుడు వెలువడిన కాంతి వల్ల ప్రకాశిస్తోందని తేలింది. చెప్పిన పని వరకే చేసి ఊరుకుంటే ఆ మరక ఎవరి దృష్టికీ వచ్చేది కాదేమో. తెలియనిదాన్ని నిస్సంకోచంగా అడగగల చోటు ఉండటం వల్లనే ఆమె గమనింపు పరిశోధనగా మారింది.

ప్రొటీన్లు ఏ ఆకారంలో ముడుచుకుంటాయో ఆటగాళ్లు కంప్యూటర్‌పై పజిల్‌లా కనిపెట్టే ఫోల్డిట్ అనే ఆన్‌లైన్ ఆట సంగతి కూడా చెప్పాలి. కోతుల్లో ఎయిడ్స్ వంటి జబ్బుకు కారణమయ్యే వైరస్‌లోని ఒక ఎంజైము నిర్మాణం పదేళ్లకు పైగా అంతుచిక్కలేదు. ఫోల్డిట్ ఆటగాళ్లు మూడు వారాల్లో ఇచ్చిన నమూనా సాయంతో అది తేలింది. 2011లో వెలువడిన పరిశోధన పత్రంలో వారి జట్ల పేర్లు రచయితల వరుసలోనే ఉన్నాయి.

సమాధానం: తోడునీడ

పైన చెప్పినవన్నీ గొప్ప పనులే, కాదనను. కానీ నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది వేరే ఉంది. మా ఇంట్లో ఒకరికి అరుదైన నరాల వ్యాధి ఉంది. ఇటువంటి జబ్బుల్లో చికిత్స చేసే వైద్యులు సైతం తమ అనుభవంలో ఒకరిద్దరు రోగులనే చూసి ఉండవచ్చు. జబ్బు సగటున ఎలా ముదురుతుందో పుస్తకాల్లో ఉంటుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనప్పుడు ఏం చేయాలో, రాత్రి కాళ్లు బిగుసుకుపోతే ఏ వైపు పడుకుంటే హాయిగా ఉంటుందో వాటిలో దొరకదు. అదంతా మాకు వివిధ దేశాల్లోని రోగుల కుటుంబాలు కలిసి నడిపే బృందంలో తెలిసింది. అక్కడ నిన్న చేరినవారి ప్రశ్నకు ఏళ్ల తరబడి ఆ బాధ పడుతున్నవారు ఓపికగా జవాబిస్తారు.

ఈ మేలు దానంతట అది రాదని కూడా చెప్పాలి. మా బృందంలో ఎవరూ మందు మోతాదు మార్చమని సలహా ఇవ్వకూడదు. వైద్యుణ్ణి ఏమని అడగాలో మాత్రం చెప్పవచ్చు. అద్భుత చికిత్సల పేరుతో అమ్మకానికి వచ్చేవారిని నిర్వాహకులు ఆ పూటే తొలగిస్తారు. ఈ కాపలా కూడా స్వచ్ఛందంగా జరిగేదే, దానికి ఎవరి మెప్పూ దక్కదు. ఇంటర్నెట్ మంచిదా చెడ్డదా అని వాదించేటప్పుడు ఆ శ్రమను ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

పాఠకురాలు:

అందరికీ ధన్యవాదాలు. తోడునీడ గారు చెప్పిన కాపలా సంగతి నేను ఇంతవరకూ ఆలోచించనే లేదు. మరొక్క మాట అడుగుతాను. సాంకేతిక పరిజ్ఞానం ఏమీ లేకుండా, చదవడం మాత్రం బాగా వచ్చినవారు ఎక్కడైనా ఉపయోగపడగలరా?

సమాధానం: అక్షరసేవ

తప్పకుండా పడగలరు. పుస్తకాలను ఉచితంగా కంప్యూటర్‌లో చదువుకునేలా అందించే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌ను మైకేల్ హార్ట్ 1971లో మొదలుపెట్టారు. దానికి పుస్తకాలు సిద్ధం చేయడానికి 2000లో డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్ అనే స్వచ్ఛంద బృందం ఏర్పడింది. కాపీహక్కులు తీరిన పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, పేజీలుగా విడదీసి అందరికీ పంచుతారు. అసలు పేజీ చిత్రం, యంత్రం చదివిన పాఠం రెండూ మీ ఎదుట ఉంటాయి. ఇంగ్లిష్ పుస్తకంలో 'ఆర్', 'ఎన్' అక్షరాలు పక్కపక్కన పడితే యంత్రం వాటిని 'ఎమ్' అని పొరబడుతుంది. అర్థం చూసి చదివే మనిషే దాన్ని పట్టుకోగలడు. ఒక్కో పేజీ సాధారణంగా మూడు దఫాలు వేర్వేరు కళ్ల ముందుకు వెళుతుంది కాబట్టి, మీ దృష్టిని దాటిపోయిన తప్పు తర్వాతివారికి దొరుకుతుంది. మొదట మార్గదర్శకాలు చదివి, కొత్తవారి కోసం కేటాయించిన పుస్తకాలతో మొదలుపెట్టండి. ఆ రోజుకు ఒక్క పేజీ చూసి ఆపేసినా ఫరవాలేదు, తక్కినవి మరొకరు తీసుకుంటారు.